బెల్లం పోసిన కోర్టు

మొన్న మా మనవరాలు నిత్య నన్ను వాళ్ళ కాలేజీకి తీసుకెళ్ళింది. విశాఖపట్నంలో చదువుతోంది, అక్కడే బాల్ బ్యాడ్మింటన్ జట్టులో ఆడుతోంది. కొత్తగా కోర్టు వేశారట, నేను చూసి తీరాలట. కోర్టులో చూడ్డానికేముంటుందే, నాలుగు గీతలూ ఒక వలా అన్నాను. "నువ్వు ముందు రా అమ్మమ్మా, చూశాక మాట్లాడు" అని ఆటోలో కుదేసింది. వాళ్ళ కోచ్ కుర్రాడు మర్యాదస్తుడు. గుమ్మంలోనే ఎదురొచ్చి కుర్చీ వేయించాడు, కోర్టులోకి అడుగు పెట్టబోతే మాత్రం "చెప్పులు బయట విప్పాలి మేడమ్" అన్నాడు. గుళ్ళోకి వెళ్ళేటప్పుడు తప్ప నాచేత చెప్పులు విప్పించినవాడు ఈ మధ్యకాలంలో లేడు. విప్పాను. లోపల నేలంతా పచ్చగా, మెత్తగా, కొత్త సైకిల్ టైరు వాసన వేస్తోంది. ఆ నేల ఎక్కణ్ణించి తెప్పించారో, పడినా మోకాళ్ళకి దెబ్బ ఎందుకు తగలదో, దీపాలు ఎక్కడెక్కడ పెట్టారో, అమ్మాయిలు బట్టలు మార్చుకునే గది ఎంత పెద్దదో అన్నీ చూపించి, "ఈ ఏడు మా ప్రాస్పెక్ట్స్ చాలా బాగున్నాయి మేడమ్. వచ్చే వారం కోయంబత్తూరు వెళ్తున్నాం, గెలిచే వస్తాం" అన్నాడు. ప్రాస్పెక్ట్స్ అనే మాటని అంత ముద్దుగా పలికినవాణ్ణి నా జన్మలో ఇంకొక్కణ్ణే చూశాను. ఆయన మా డ్రిల్లు మాష్టారు.

కోచ్ చెబుతుండగానే నేను కుడికాలి మడమని నేలకి గట్టిగా నొక్కి, అటూ ఇటూ తిప్పి, పాదం ఎత్తి ముందు నేలకేసీ తరవాత అరికాలికేసీ చూశాను. "కాలికేమైనా గుచ్చుకుందా మేడమ్?" అని ఆ కుర్రాడు కంగారు పడ్డాడు. లేదు బాబూ, ముద్ర పడిందేమోనని చూస్తున్నానన్నాను. ఇది సింథటిక్, ముద్ర పడదన్నాడు. నిత్య సిగ్గుతో చచ్చిపోయి నా మోచెయ్యి పట్టుకుని లాగింది. దాన్నేమీ అనలేదు. మా నాయనమ్మ ఇదే పని మా స్కూల్లో అందరి ముందూ చేసినప్పుడు నేనూ అలాగే చచ్చిపోయాను. నిజానికి మొన్న ఆ మడమ నొక్కింది నేను కాదు, ఆవిడే.

మాది చోడవరం. చెరుకూ వరీ పండించే ఇల్లు. బుచ్చయ్యపేట దారిలో మా పొలం, పొలం గట్టునే బెల్లం వండే పొయ్యి. చలికాలం వచ్చిందంటే నాన్న కాపురం అక్కడికే మారిపోయేది. పిప్పి కాలే పొగా, పెనంలో ఉడికే రసం ఆవిరీ కలిసి ఊరంతటికీ ఒకే వాసన ఉండేది. అన్నంలో అదే వాసన, పక్క బట్టల్లో అదే వాసన. మా జడలు విప్పి దులిపితే కూడా బెల్లం వాసనే వచ్చేది. చుట్టాలెవరైనా వచ్చి "ఏటి మీ ఊరు ఇంత తియ్యగుంటాది" అంటే మాకు వింతగా ఉండేది, ఎందుకంటే మిగతా ఊళ్ళు అలా ఉండవని మాకు తెలీదు. పొద్దున్నే చోడి అంబలీ, అంటే రాగి జావ, దాంతో ఉల్లిపాయా, మధ్యాహ్నం గానుగ దగ్గరకి కేరేజీ, సాయంత్రం స్కూలు నుంచి వస్తూ పెనం అంచున అంటుకున్న వేడి బెల్లం గీక్కుని తినడం. ఇలా తిన్నందుకు పళ్ళన్నీ ఊడిపోతాయని అమ్మ బెదిరించేది. ఊడిపోయాయి, కాదనను, కానీ డెబ్బై దాటాకే.

ఇంట్లో పెత్తనం నాయనమ్మది. పేరు అప్పలనరసమ్మ. మనిషి పొట్టి, గొంతు పెద్దది. మా వైపు ఆ తరం ఆడవాళ్ళలాగే అడ్డపొగ కాల్చేది, అంటే చుట్ట వెలిగించిన కొసని నోట్లో పెట్టుకుని పీల్చడం. చిన్నప్పుడు నాలిక కాలదా అని అడిగితే, "నా నాలిక్కి కాలిపోయేంత దరిద్రం ఇంకా పట్టనేదే" అనేది. ఆవిడ ఏదైనా ఆలోచిస్తోందంటే నోట్లో చుట్ట ఉండేది, మాట ఉండేది కాదు. అప్పుడు ఇంట్లో అందరూ మెల్లగా నడిచేవారు. మిగతా విషయాల్లో నాన్న మాటా అమ్మ మాటా ఏ మూలో చెల్లేదేమో గానీ, నేల విషయంలో మాత్రం ఆఖరి మాట ఆవిడదే. వంటింటి నేల, వీధరుగు, గొడ్లసావిడి, ముఖ్యంగా కోతలయ్యాక ధాన్యం నూర్చే కళ్ళం, అన్నీ ఆవిడ చేతిమీదే అలకాలి. కళ్ళం ఆరాక మడమతో నొక్కి చూసేది. నేల మీద ముద్ర పడకూడదు, అరికాలికి ధూళి అంటకూడదు. రెండూ జరిగితే "ఊఁ, ఇంక గింజ పొయ్యండి" అనేది. లేదా మళ్ళీ మొదట్నించీ అలుకే.

మా స్కూల్లో నరసింగరావు మాష్టారని కొత్తగా డ్రిల్లు మాష్టారు వచ్చారు. గంజి పెట్టిన ఖాకీ నిక్కరూ, మెడలో నల్ల తాడుకి ఈలా, ఎముకల మనిషి. ఆయన మద్రాసులో ఎక్కడో ఆడపిల్లలు బాల్ బ్యాడ్మింటన్ ఆడుతుంటే చూశారట, అప్పట్నించీ ఆ బొమ్మ కళ్ళలోంచి పోలేదట. వచ్చిన నెల తిరక్కుండా మాలో ఐదుగురిని ఏరి, "మీకు ప్రాస్పెక్ట్స్ ఉన్నాయమ్మాయిలూ" అన్నారు. అదేమిటో మాకు తెలీదు. మాలో అందరికంటే బాగా ఆడే పైడితల్లి అదేదో జబ్బనుకుని వాళ్ళమ్మతో చెప్పి జబ్బకి తాయెత్తు కట్టించుకుంది. ఆ తాయెత్తు కట్టిన ఎడంచేత్తోనే అది సర్వీసు చేసేది, ఎదుటివాళ్ళకి బంతి ఎటొస్తుందో అర్థమయ్యేది కాదు. నేను వెనకవరస. నా పని దూరంగా పడబోయే బంతిని పరిగెత్తి ఎత్తడం. ఎంత పరిగెత్తేదాన్నో! ఇంట్లో మంచినీళ్ళు తెమ్మంటే కదలనిదాన్ని అక్కడ లేడిపిల్లనైపోయేదాన్ని.

మా సదుపాయాల సంగతి చెబితే ఆ కోచ్ కుర్రాడు కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. ఐదుగురికీ సరిపడా బ్యాట్లు లేవు, ఉన్నవాటి తీగలు మబ్బు పట్టిందంటే సాగిపోయి జల్లెడలా అయ్యేవి. వల చిరిగిన చోటల్లా పురికొస ముళ్ళు. కొత్త ఊలు బంతి ఒక్కటే ఉండేది, అదీ మ్యాచి కోసం బీరువాలో. రోజూ ఆడే బంతి పాడైపోతే మా అమ్మ నాన్న పసుపుపచ్చ మఫ్లరు విప్పేసి, ఆ ఊలుతో లోపలి బెండు ఉండకి మళ్ళీ గట్టిగా చుట్టి ఇచ్చింది. నాన్న ఆ చలికాలమంతా మఫ్లరు వెతుక్కుంటూనే ఉన్నాడు. అమ్మ కూడా ఆయనతో పాటు ఎంతో శ్రద్ధగా వెతికేది.

అన్నింటికంటే ఘోరం నేల. ముందున్న మంచి మైదానం మగపిల్లలది, ఫుట్‌బాలుకి. మాకు వెనకాల గోడ పక్కన ఒక ముక్క ఇచ్చారు. గులకరాళ్ళు, గోతులు, నేలంతా పల్లేరుకాయలు. మేం ఆడేది ఒట్టి కాళ్ళతో. బంతికోసం వెనక్కి పరిగెత్తిన ప్రతిసారీ నా అరికాల్లో రెండు మూడు ముళ్ళు దిగేవి. అలాంటి నేల మీద ఆడుతుండగా మాష్టారు ఒక కబురు తెచ్చారు. అనకాపల్లిలో ఆడపిల్లల స్కూలు జట్టు మాతో మ్యాచి ఆడతామంది. మేం వెళ్ళి అక్కడ ఆడొచ్చు, లేదా వాళ్ళే ఇక్కడికొస్తారు. కానీ వాళ్ళ డ్రిల్లు టీచరు మేరీ గారు ముందుగా వచ్చి మా నేల చూస్తారు, తన పిల్లల కాళ్ళకి దెబ్బ తగిలే నేలైతే రామంటారు.

మేం అనకాపల్లి వెళ్ళడమనే మాటే ఎత్తడానికి వీల్లేకపోయింది. ఐదిళ్ళలోనూ ఒకే సమాధానం. మా ఇంట్లో ఆ సమాధానం చెప్పింది నాయనమ్మ. "ఊరు దాటించి గుంటల్ని బంతాటకి పంపుతామేటి? లోకం నవ్వదూ?" అంది. గుంటలంటే మా వైపు ఆడపిల్లలు. నాన్న తల ఊపాడు. అంటే మా నేల బాగుపడితే మ్యాచి ఉంటుంది, లేకపోతే లేదు. ఈ ఏడు లేకపోతే మాకు ఇంకెప్పుడూ లేదు. మాలో ఇద్దరికి అప్పుడే పెళ్ళిచూపులు మొదలయ్యాయి, పై ఏడు జట్టంటూ ఉండదు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, గీతలు గీసిన కోర్టులో, అంపైరు ఈల వేస్తుంటే, జనం చూస్తుండగా ఆడాలని మా కోరిక. ఇప్పటి పిల్లలకి ఇదొక కోరికా అనిపిస్తుంది. నాకైతే ఆ రోజుల్లో రాత్రి కళ్ళు మూసుకుంటే ఆ ఈలే వినిపించేది.

ఒక సాయంత్రం నాయనమ్మ నా పాదం ఒళ్ళో పెట్టుకుని పిన్నీసుతో ముళ్ళు తీస్తోంది. తీసిన కొద్దీ వస్తున్నాయి.

"ఏటే ఇది, కాలా ముల్లకంపా? ఏ అడివిలో తిరిగొచ్చేవే?"

"అడివి కాదు నాయనమ్మా, మా గ్రౌండు."

"ఆ గ్రౌండేటో, ఆ మాస్టరేటో రేపు నాను సూస్తాను. నువ్వు నోరు మూసుకో."

మర్నాడు డ్రిల్లు పీరియడ్లో నిజంగానే వచ్చేసింది. నోట్లో చుట్ట లేదు, అంటే తిట్టడానికి సిద్ధంగా ఉందన్నమాట. "ఏటి బాబూ, సదువు సెప్పమని పంపితే గుంటల్ని ముల్ల మీద పరిగెట్టిస్తన్నావు?" అంది. మాష్టారు ఈల జేబులో పెట్టుకుని, "నిజమేనమ్మా, నేల బాగులేదు. బాగుచేసేవాళ్ళు దొరకలేదు" అన్నారు. నాయనమ్మ కోర్టు మధ్యకి నడిచింది. అందరం చూస్తుండగా మడమ ఎత్తి గట్టిగా నొక్కింది. నొక్కగానే ఆవిడ ముఖం మారిపోయింది. పాదం ఎత్తితే మడమలో ఇంత పల్లేరుకాయ! మగపిల్లలు కిటికీల్లోంచి కిసుక్కున నవ్వారు. నాకు భూమి చీలిపోతే బాగుండుననిపించింది. నాయనమ్మ ముల్లు తానే పీకి అవతల పారేసి, "ఓలమ్మ ఓలమ్మ, దీన్ని నేలంటారేటి? మా గొడ్లు కూడా ఇంతకన్నా మంచి నేల మీద పడుకుంటాయి" అంది.

మాష్టారు తెలివైనవాడు. "చోడవరంలో కళ్ళం వేయాలంటే అప్పలనరసమ్మ గారి తరవాతే ఎవరైనా అని విన్నానమ్మా" అన్నారు, ఆకాశంలోకి చూస్తూ. నాయనమ్మ ఆయన్ని కాసేపు ఎగాదిగా చూసింది. పొగడ్త అని తెలుసు, అయినా బాగానే ఉంది. బొడ్లోంచి చుట్ట తీసి వెలిగించి, తిరగేసి నోట్లో పెట్టుకుంది. నాకు ఆశ పుట్టింది, ఎందుకంటే ఆవిడ ఆలోచిస్తోంది. చుట్ట సగమయ్యాక తీసి, "గుంటలు ఊరు దాటేది మాత్రం నేదు. ఆ మాట మీద మాట నేదు. నేల సంగతంటావా, అది వేరు" అంది.

ఇంక చూడండి మా స్కూలు వైభవం. మా పాలికాపు రెండు ఎడ్ల జతల్ని గేటులోంచి తోలుకొచ్చాడు. ముందు రాళ్ళూ ముళ్ళూ ఏరించింది, గోతులు తవ్వించి సమం చేయించింది, బండి మీద చెరువు మట్టి తెప్పించి పోయించింది, నీళ్ళు కొట్టించింది. తడిసిన మట్టిలో తరిగిన గడ్డి చల్లి ఎడ్లని గుండ్రంగా తిప్పి తొక్కించింది. లెక్కల క్లాసులో మాష్టారు ప్రశ్న అడిగితే బయట ఎద్దు జవాబు చెప్పేది. మేం ఐదుగురం, మా వెనక ఇంకా చాలామంది ఆడపిల్లలు, లంగాలు ఎగ్గట్టి దిమ్మిసలతో నేల బాదాం. చేతులు బొబ్బలెక్కాయి. నాకది ఎంత బాగుందో చెప్పలేను. అంతవరకూ కోర్టంటే స్కూలు వాళ్ళు మాకు దయతలచి ఇచ్చిన చోటు. ఇప్పుడది మాది.

సరిగ్గా ఇక్కడే బెల్లం వచ్చిపడింది. పైపూత వేసే ముందు నాయనమ్మ, "సున్నంలో బెల్లం నీల్లు పోసి కట్టిన గోడ రాయైపోతాది. మా అత్త కట్టించిన గోడకి ఇప్పటికీ మేకు దిగదు. గోడకి పనిసేసింది నేలకి పనిసెయ్యదేటి?" అంది. మా ఊళ్ళో ఇలాంటి ప్రశ్నకి కాదనే జవాబు లేదు. దగ్గొస్తే బెల్లం, చుట్టమొస్తే బెల్లం, ఎద్దు అలిసిపోతే బెల్లం, పిల్ల పెద్దమనిషైతే బెల్లం. బెల్లం వల్ల చెడింది ఒకటుందని మాలో ఎవరికీ తోచను కూడా తోచదు. మాష్టారు కూడా ఈ ఊరి నీళ్ళు తాగి చెడిపోయి, "సైంటిఫిక్‌గా ఉందమ్మా" అన్నారు. పెనంలో పాకం మీద తేలే మడ్డి తీసి పారేస్తుంటారు కదా, నాన్న ఆ మడ్డి బిందెలకి బిందెలు పంపాడు. దాన్ని మట్టిలో కలిపి మెత్తారు. సాయంత్రానికి కోర్టు నున్నగా, ఎర్రగా మెరుస్తోంది. నాయనమ్మ మడమ నొక్కింది. ముద్ర లేదు, ధూళి లేదు. "ఊఁ, ఇంక గీతలు గియ్యండి" అంది. పైడితల్లీ నేనూ ఒకరి చేతులొకరం పట్టుకుని గిరగిరా తిరిగాం. మర్నాడు మేరీ టీచరు వస్తారు.

బెల్లమున్నచోటే ఈగలు ముసురుతాయని సామెత. ఊళ్ళో పుట్టిన ప్రతి పిల్లకీ వచ్చు. అయినా ఒక్కరికీ గుర్తు రాలేదు.

పొద్దున్నే గీతలు చూసుకుందామని పైడితల్లి అందరికంటే ముందు వెళ్ళింది. వెళ్ళినది వెళ్ళినట్టే మా వీధిలోకి పరిగెత్తుకొచ్చి, "ఓలమ్మో, బేగి రండే! మన కోర్టు నడిసిపోతంది!" అని అరిచింది. పోయి చూద్దుం కదా, నిజంగానే కదులుతోంది. చీమలు! ఎర్రచీమలు, నల్లచీమలు, గండుచీమలు, గోడ దిగి వచ్చేవి కొన్ని, బడి అరుగుల కింద నుంచి వచ్చేవి కొన్ని. మాడుగుల నుంచీ చీడికాడ నుంచీ కూడా బస్సెక్కి వచ్చాయేమో అన్నన్ని చీమలు. ఎర్ర నేల నల్లబడిపోయింది. సున్నపు గీతలు కనబడ్డం లేదు. మేం ఐదుగురం గట్టు మీద కూలబడి ఏడ్చాం. మాష్టారు టోపీ తీసి చేత్తో పట్టుకుని, ఎవరో పోయినప్పుడు నిలబడ్డట్టు నిలబడ్డారు. మేరీ టీచరు వచ్చేది సాయంత్రం బస్సుకి.

నాయనమ్మ వచ్చింది. చూసింది. ఎవరైనా నవ్వి ఉంటే ఆ రోజు వాళ్ళకి నూకలు చెల్లేవే, కానీ ఎవరూ నవ్వలేదు. చుట్ట వెలిగించలేదు, ఆలోచించలేదు. "బెల్లం నాదే, సీమలూ నావే. ఏడుపులు ఆపండే" అంది. "పోయి మన వీదిలో ఆడోల్లందర్నీ పిలండి. సీపుర్లూ, పేడతట్టలూ, బూడిదా, వేపాకు కాసిన నీల్లూ. బేగి!" ఎవరో మరిగిన నీళ్ళు పోసేద్దామన్నారు. నాయనమ్మ ఇంతెత్తు లేచింది. "నోరులేని ప్రాణుల్ని సంపుతావేటే? ఆటి తప్పేటి? పిలిస్తే వొచ్చేయి" అని, గోడ అవతల బీడులో పెద్ద పెద్ద బెల్లం దిమ్మలు పెట్టించింది, అక్కడిదాకా బెల్లం పొడి దారి పోయించింది. కోర్టు పైపూతంతా గీకి ఆ దిమ్మల పక్కనే పోయించింది. చీమలకి మనకంటే బుద్ధి ఎక్కువ. దగ్గర్లో అంతకంటే మంచి విందుందని తెలిశాక బారులు బారులుగా అటు తిరిగాయి.

అప్పుడొచ్చారు మా వీధి ఆడవాళ్ళు. మా అమ్మ, పైడితల్లి వాళ్ళమ్మ, వాళ్ళ పిన్నులు, అత్తలు, ఎప్పుడూ స్కూలు గేటు దాటి లోపలికి రాని వాళ్ళంతా కొంగులు బిగించి వచ్చారు. వరసగా కూర్చుని వేపనీళ్ళతో తుడిచి, బూడిద చల్లి, పేడతో అలుకుతూ ఈ కొసనించి ఆ కొసకి వెళ్ళారు. పాటలూ, పరాచికాలూ. పేడతట్ట మోసుకొస్తున్న మా అత్తని చూసి "పెల్లికూతురు నడిసొస్తంది, దారియ్యండే" అంటే అందరూ ఒకటే నవ్వు. అలికాక ఆరాలి కదా, గోడ నీడలో కూర్చున్నారు. "ఇంతకీ ఈ ఆటేటే? ఒకసారి ఆడి సూపించండి" అంది పైడితల్లి వాళ్ళమ్మ. ఆరిన వైపు నిలబడి నాలుగు బంతులు కొట్టి చూపించాం. "ఓసోస్, ఇంతేనా? ఇలా తే" అని ఆవిడ బ్యాటు లాక్కుంది. తరవాత మా అత్త. తరవాత మా అమ్మ.

మా అమ్మ పరిగెత్తడం నేను అంతవరకూ చూడలేదు. ఇంట్లో అడుగు చప్పుడు వినబడకుండా నడిచే మనిషి. ఆ రోజు కుచ్చిళ్ళు దోపి, ఎగిరి బంతిని ఒక్కటిచ్చిందీ, అది గోడ దాటి చీమల విందులో పడింది. అమ్మ రెండు చేతులూ నోటికడ్డం పెట్టుకుని నవ్వింది, ఆపుకోలేక కూర్చుండిపోయి నవ్వింది. నాకెంత సంతోషమేసిందంటే ఏడుపొచ్చింది. మ్యాచి జరిగినా జరక్కపోయినా ఫరవాలేదని ఒక్క క్షణం అనుకున్నాను కూడా. ఒక్క క్షణమే.

ఆ గోలలో ఎవరూ చూసుకోలేదు. మేరీ టీచరు సాయంత్రం బస్సుకి కాక మధ్యాహ్నం బస్సుకే వచ్చేశారు. తెల్లచీర, చేతిలో గొడుగు, కాళ్ళకి కేన్వాసు బూట్లు. కోర్టులో మా పిన్నులూ అత్తలూ పేడచేతులతో బ్యాట్లు పట్టుకుని ఒకళ్ళమీద ఒకళ్ళు అరుచుకుంటున్నారు. ఆవిడ కాసేపు చూసి, "మాష్టారూ, ఇందులో మీ టీమ్ ఎవరండీ?" అన్నారు. మాష్టారు మా ఐదుగురినీ వేలితో చూపించారు. ఆవిడ బూట్లు విప్పి కోర్టంతా నడిచారు. ఒక మూల వెనకబడిపోయిన చీమలు నాలుగు కనిపించాయి. "ఈ చీమలేమిటి?" అన్నారు.

"మా సోడారం నేల తియ్యగుంటాదమ్మా, అందుకే వొస్తాయి" అంది నాయనమ్మ, రెప్ప వాల్చకుండా.

మేరీ టీచరు పగలబడి నవ్వారు. నాయనమ్మ ఆవిడకి మాడుగుల హల్వా పెట్టించింది. అది తింటూ "ఇలాంటి నేల మా దగ్గర లేదు. మా పిల్లల్ని తప్పకుండా తీసుకొస్తాను" అన్నారు. మాష్టారు ఆనందం పట్టలేక ఉత్త పుణ్యానికి ఈల ఊదేశారు.

మ్యాచి రోజు ఊరు ఊరంతా వచ్చింది. బెల్లం దించి తిరిగిపోతున్న బండ్లు గేటు ముందు ఆగిపోయాయి. నాయనమ్మ ఇంటినించి పీట తెప్పించుకుని గీత పక్కనే కూర్చుంది. మొదటి గేము వాళ్ళు గెలిచారు, మా కళ్ళు బంతి మీద కాక జనం మీద ఉంటే గెలవక ఏంచేస్తారు. రెండోది పైడితల్లి ఎడంచెయ్యి గెలిచింది. మూడోదాంట్లో ఎండకి నేలలో మిగిలిన బెల్లం కాస్త చెమర్చింది కాబోలు, బీరువా బంతి పడ్డచోటల్లా అంటుకుని బరువెక్కింది. అంపైరు ఇంకో బంతి అడిగారు. మా దగ్గర ఇంక ఉన్నది రోజూ ఆడే బంతి ఒక్కటే. అది గాలిలోకి లేవగానే జనంలోంచి నాన్న గొంతు వినబడింది: "ఒసే, అది నా మఫ్లరు కాదేటి!" అందరూ విరగబడి నవ్వారు. అమ్మ కొంగు చాటున దాక్కుంది. ఆఖర్న నేను వెనక్కి పరిగెత్తి ఎత్తిన బంతి వలదాకా వచ్చి, వల మీద ఒక్క క్షణం ఆగి, మా వైపే పడింది. ఓడిపోయాం. ఓడిపోయినా చప్పట్లు ఆగలేదు. నేను ఆ నేల మీదే కూర్చుండిపోయాను, లేవాలనిపించలేదు.

మేరీ టీచరు మా అందరి భుజాలూ తట్టి, "వచ్చే నెల మా దగ్గరికి రండి, ఇంకో మ్యాచి ఆడదాం" అన్నారు. ఆ మాటకి జవాబు ఏమిటో అందరికీ తెలుసు. మాష్టారు తల దించుకున్నారు. నాన్న నాయనమ్మకేసి చూశాడు. నేను చూడలేదు, నాకు ధైర్యం లేదు. పీట చప్పుడైంది.

"ఆల్లు మన నేల మీదికొచ్చి గెలిసెల్లేరు" అంది నాయనమ్మ గొంతు. "మన గుంటలు ఆల్ల నేల మీదికెల్లి గెలవొద్దేటి?"

"అమ్మా, ఊరు దాటి..." అని నాన్న ఏదో అనబోయాడు.

"నానేటి ఆల్లని ఒట్టినే పంపుతానన్నానా? నానూ వొస్తాను. ఆల్ల నేల ఎలాగుందో ముందు నాను సూడాల."

ఐదిళ్ళవాళ్ళూ ఆవిడ వెంట అంటే సరేనన్నారు. బస్సులో డ్రైవరు వెనక సీట్లో, చేతిలో కొత్త చీపురుతో నాయనమ్మ కూర్చుంది. ఆ చీపురెందుకే అంటే, ఆల్ల నేల ఎలాగుందో ఎవడికెరుక అంది. అనకాపల్లి కోర్టు మధ్యలో నిలబడి మడమ నొక్కింది, ఎత్తింది, చూసింది. ఈసారి మేం ఎవరం సిగ్గుపడలేదు. "పరవానేదు. పేడ తక్కువైంది. అయినా ఆడొచ్చు" అంది. మేరీ టీచరు చేతులు జోడించారు. మేం గెలిచాం. ఎలా గెలిచామో, ఎవరేం కొట్టారో నాకిప్పుడు గుర్తు లేదు. గెలిచాక నాయనమ్మ చీపురు పైకెత్తి ఊపడం మాత్రం గుర్తుంది. తిరుగు బస్సులో నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది, నోట్లో చుట్ట వాసన, జుట్టులో బెల్లం వాసన. కదిలితే లేస్తుందని ఊరొచ్చేదాకా కదల్లేదు నేను.

తరవాత మా పెళ్ళిళ్ళయిపోయాయి. పైడితల్లి మాత్రం చదువుకుని మాడుగుల వైపు డ్రిల్లు టీచరైంది, ఎంతమంది గుంటల్ని బస్సులెక్కించిందో లెక్కలేదు. మా వెనక వచ్చిన పిల్లలు ఏటా కోర్టు అలుక్కునేవారట, బెల్లం మాత్రం పోసేవారు కాదట. నిత్యకి ఇవేవీ అక్కర్లేదు. దాని పచ్చ నేలని ఎవరూ అలకక్కర్లేదు, దాని బూట్లలోకి ముల్లు దిగదు, కోయంబత్తూరు వెళ్తానంటే లోకం నవ్వుతుందనేవాళ్ళు ఇంట్లో లేరు. వాళ్ళమ్మ "చార్జరు మర్చిపోకు" అంటుంది, అంతే. నాకు చాలా సంతోషం. నిజం చెప్పాలంటే కాస్త కుళ్ళు కూడా. కానీ ఆ కోర్టు చూడ్డానికి ఆ రోజు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. అది ఆడుతుంటే వాళ్ళమ్మ ఒక్కసారైనా చూడలేదు, ఆఫీసు. మా అమ్మ బంతి గోడ దాటించిన సంగతి మా అమ్మాయికి నేనెప్పుడూ చెప్పలేదేమిటా అని అక్కడే అనుకున్నాను.

"ఇంక వెళ్దామా అమ్మమ్మా? ఇంకా కాలు నొక్కి చూడాలా?" అంది నిత్య గుమ్మంలో చెప్పులు అందిస్తూ.

"ఇక్కడ చూశానులే. బాగానే ఉంది, చీమలొక్కటే తక్కువ. కోయంబత్తూరు రైలు ఏ రోజు?"

"బుధవారం. ఎందుకు?"

"నాకూ, మీ అమ్మకీ టిక్కెట్లు తీయించు. ఆఫీసుకి సెలవు పెట్టమను. ఆళ్ళ నేల ఎలాగుందో ముందు నేను చూడాలి."